దఫీన్కా తలుపుకు అంటించిన కాగితం

పఠన మందిరం తాళంచెవి తిరిగి ఇవ్వమని డైరెక్టర్ స్టామెన్ అడిగినప్పుడు, దఫీన్కా దాన్ని కోటు జేబులో ఇంకాస్త లోపలికి తోసింది.

"ఎందుకివ్వాలి?"

"కంప్యూటర్ బాగుచేసే కంపెనీ మనిషి చెప్పాడుగా పిన్నీ. కంప్యూటర్‌లో మెమరీ పాడైందట, పైగా ఎవరో సెట్టింగులు కెలుకుతున్నారట. దాని దగ్గర కూర్చునేది మీరే కదా."

"కెలకలేదు, మార్చాను. మార్చింది రాసిపెట్టాను."

బల్గేరియా అంతటికీ కంప్యూటర్లు చేసిన ప్రావెత్స్ ఫ్యాక్టరీలో ఆమె ఇరవై రెండేళ్లు మెమరీ పరీక్షించే బల్ల దగ్గర పనిచేసింది. ముట్టుకునే ముందు ఏముందో, ముట్టుకున్నాక ఏమైందో రాయడం అక్కడ అబ్బిన అలవాటు. ఆ బల్లలు ఎప్పుడో అమ్ముడుపోయినా, డెబ్బై ఒకటో ఏట కూడా పెన్సిలు ఆమె చెవి మీదే ఉండేది.

నోటుబుక్కులో ఇలా ఉంది: మెమరీ పలకలు రెండు. విడివిడిగా పరీక్షిస్తే తప్పుల్లేవు. కలిపి పెడితే వస్తున్నాయి. సెట్టింగుల్లో మెమరీ వేగం తగ్గిస్తే పోయాయి. మర్నాడు పొద్దున వేగం దానంతటదే పెరిగింది, తప్పులు తిరిగొచ్చాయి. మూడు రోజులుగా ఇదే వరస.

"తగ్గించడం మర్చిపోయి ఉంటారు పిన్నీ," అన్నాడు స్టామెన్ గొంతు తగ్గించి. "వయసు కదా. మా అమ్మ కూడా పొయ్యి మీద కాఫీ పెట్టి..."

"మీ అమ్మ సంగతి మీ అమ్మనడుగు. నా సంగతి ఇందులో చూడు."

అతను నోటుబుక్కు తెరవలేదు. కంపెనీవాళ్లు కంప్యూటర్‌కు అంటించిన 'తుక్కు' చీటీని మళ్లీ నొక్కి అంటించి, బుధవారం తీసుకెళ్లడానికి బండి వస్తుందన్నాడు.

మంగళవారం ఆమె అందరికంటే ముందొచ్చి, సెట్టింగుల తెర తెరిచింది. వేగం మళ్లీ పెరిగే ఉంది. కానీ ఈసారి మూలనున్న తేదీ కూడా చూసింది. అది ఏళ్ల వెనక్కి, ఏదో జనవరి ఒకటికి పోయి కూర్చుంది. కరెంటు లేనప్పుడు ఈ రెండింటినీ కాపాడాల్సింది లోపలి బిళ్ల బ్యాటరీ. అది అయిపోయింది. మరి కరెంటు తీస్తున్నదెవరు?

స్టామెన్ రాగానే అడిగింది. "సాయంత్రం వెళ్తూ మెయిన్ దించుతావా?"

"దించకపోతే ఎలా? ఈ తీగలు మా తాతనాటివి. అంటుకుంటే నా మెడకే కదా."

"దించు నాయనా, రోజూ దించు. కెలికేది ఎవరో తేలింది."

ఇంటికెళ్లి వంటింటి తూకం యంత్రంలోని బిళ్ల బ్యాటరీ ఊడదీసి తెచ్చింది. దాన్ని కంప్యూటర్‌లో వేసి, వేగం తగ్గించి, తేదీ దిద్దింది. సాయంత్రం పక్కనే నిలబడి అతని చేతే మెయిన్ దింపించింది.

బుధవారం పొద్దున వేగం, తేదీ పెట్టినచోటే ఉన్నాయి. మధ్యాహ్నానికి నాలుగు పరీక్షలు పూర్తయ్యాయి. అప్పుడు ఒక కాగితానికి పెన్సిలుతో నల్ల అంచు గీసి, పఠన మందిరం తలుపు మీద, ఊళ్లో ఎవరైనా పోతే నల్ల అంచుతో అంటించే చావు కబురు కాగితాల మధ్య అంటించింది.

"పఠన మందిరం కంప్యూటర్. పోయిందన్నారు. పోలేదు. నాలుగు పరీక్షలు, తప్పులు సున్నా. దఫీన్కా ఇల్కోవా."

తుక్కు బండివాడు నల్ల అంచు చూసి టోపీ తీశాడు. చదివి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఎక్కించేదేమైనా ఉందా?"

స్టామెన్ కంప్యూటర్ మీది చీటీ పీకి చేతిలో నలిపాడు. "లేదు. వెళ్లు."

"తాళంచెవి కావాలన్నావు?" అంది దఫీన్కా.

అతను నలిపిన చీటీని చెత్తబుట్టలో పడేసి, కంప్యూటర్ ముందు ఆమెకు కుర్చీ లాగాడు.

మొన్న మార్చిలో అదే తలుపుకు ఆమె ఫొటో ఉన్న నల్ల అంచు కాగితం అంటించారు. స్టామెనే అంటించాడు, ఆమె పెన్సిలుతో రాసినదాన్ని కప్పకుండా, దాని పక్కన. తాళంచెవి ఆమె కోటు జేబులోనే దొరికింది.