పలాసలో కొన్న ఇంజన్

మా పాత పడవ వెనక బిగించడానికి పలాసలో సెకండ్‌హ్యాండ్ ఇంజన్ దొరికింది. గోనెలో చుట్టి అక్కుపల్లి బస్సెక్కించాను. ఎదురు సీట్లో ఎవరో ఆడమనిషి. కిరసనాయిలు కంపు కొడుతోందని నన్ను తిట్టి తిట్టి, కావాలనే గోనెమీద రెండు కాళ్లూ పెట్టింది.

"కాళ్లు తియ్యప్పా," అక్కని పిలిచినట్టే అన్నాను. "మాకది గంగమ్మతల్లి."

"నీకు నానేటి అప్పని? ఎత్తుకోని ఊరేగు నీ గంగమ్మని!"

ఒళ్లు మండి గోనె లాగేశాను. ఇంజన్ పిడికి పూల అంచు పసుపుగుడ్డ కట్టి ఉంది. పూజ చేసిన ఇంజన్ మంచిదని నేను విప్పలేదు.

"సూడు, పసుపుగుడ్డ!" అన్నాను.

ఆమె చూసింది. కాళ్లు తీసేసింది.

"ఇది నా కోక సెంగే. నానే కట్నాను. నడిసంద్రంలో ఆగిపోనాది నీ గంగమ్మ. పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చినాది గానీ మా ఇంటోడు తిరిగి రానేదు."

ముడి పళ్లతో విప్పి, గుడ్డ కిటికీలోంచి విసిరేసింది.

"అమ్మినోడు సెప్పనేదు సరే. నువ్వూ అడగనేదా?"

జవాబు కోసం ఆగకుండా వజ్రపుకొత్తూరులో దిగిపోయింది.

ఆ ఇంజన్ ఇప్పటికీ నడుస్తోంది. దానికి మళ్లీ పసుపుగుడ్డ కట్టలేదు. తెడ్లు లేకుండా మాత్రం ఒడ్డు వదలను.