ఆఖరి పడవ ఎన్నింటికి?

పట్టపగలు, కళ్ళజోడు పెట్టుకుని, చేతికొక గడియారం, జేబులో ఇంకో గడియారం ఉండగా, పదకొండంతస్తుల ఓడని ఎలా పోగొట్టుకోవచ్చో తెలుసుకోవాలనుకునేవారు ఈ నాలుగు పేజీలూ చదవండి. గొడుగు పోగొట్టుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. పెళ్ళిలో చెప్పులు పోగొట్టుకోనివాడు మనిషే కాడు. కానీ ఓడని పోగొట్టుకున్నది మా జిల్లాలో బహుశా నేనొక్కణ్ణే. మూడేళ్ళ కిందటి మాట. అప్పటికి నేను అరవై ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణి. బుద్ధి ఇంకా ముదరలేదు.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ముప్ఫై నాలుగేళ్ళు పాలకొండ బస్టాండులో కంట్రోలరుగా పనిచేశాను. బస్సు వేళకి కదలాలంటే ఎవరికీ అసలు వేళ చెప్పకూడదు, ఇది నేనక్కడ నేర్చిన విద్య. ఆరింటి బస్సుని డ్రైవరుకి ఐదూ నలభై అనీ, కండక్టరుకి ఐదున్నర అనీ చెప్పేవాణ్ణి. ఇద్దరూ ఐదూ యాభైకి టీ గ్లాసులతో తీరిగ్గా వచ్చేవారు. బస్సు ఆరింటికి కదిలేది. రిటైరయ్యాక బస్సులు పోయాయి గానీ ఈ కోత మాత్రం పోలేదు. ఇంట్లో ఎవరికి ఏ టైము చెప్పినా అరగంటో గంటో రెండు గంటలో కోసి చెప్పడం రక్తంలో కలిసిపోయింది. శ్రీముఖలింగంలో మా అమ్మాయి పెళ్ళికి తొమ్మిదింటి ముహూర్తాన్ని చుట్టాలకి ఎనిమిదని చెప్పాను. నా సంగతి ఎరిగిన చుట్టాలు పదింటికి దిగి, "ఏటి, తాళి కట్టేసినారా? నువ్వు రెండు గంటలు కోస్తావు కదా, ఈసారి ఒక్క గంటే కోసినావేటి?" అని నన్నే నిలదీశారు.

రెండో అలవాటు డైరీ. హైస్కూలు రోజుల నుంచి ఒక్కరోజూ మానలేదు. కాబట్టి ఈ కథలో గంటలు, నిమిషాలు అన్నీ ఖచ్చితం. తెలివితేటల విషయంలోనే లోపాలుంటాయి, సర్దుకోండి.

విశాఖపట్నంలో ఎక్కితే, పుదుచ్చేరి చూపించి, మర్నాడు పొద్దున్న చెన్నైలో దింపే విహార ఓడ అది. మా ఆవిడ నర్సమ్మ, ఆవిడని 'అప్పా' అని పిలిచే తమ్ముడు తవిటినాయుడు, నేను, ముగ్గురం ఎక్కాం. తవిటినాయుడిది సాలూరు, లారీల వ్యాపారం. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ నోరు మాత్రం కొత్త టైరులా ఉంటుంది.

ఓడెక్కిన రోజే ఒక కాగితం పంచారు. పుదుచ్చేరి చూసొచ్చిన సాయంత్రం ఆరింటికి, పై అంతస్తులో ప్రయాణికుల ఆటపాటలు ఉంటాయట. నాతో మాటైనా అనకుండా నర్సమ్మ పేరిచ్చేసింది. వంశధార ఒడ్డున వాళ్ళమ్మ వరినాట్లలో పాడే పాటొకటుంది. నలభై నాలుగేళ్ళ మా కాపురంలో ఆ పాటని పొయ్యికి వినిపించింది, గిన్నెలకి వినిపించింది, ఆవుదూడకి వినిపించింది. నలుగురి ముందు మాత్రం ఎన్నడూ పాడలేదు. ఓడలో రెండు రోజులూ కిటికీ వైపు తిరిగి సముద్రానికి పాడి చూసుకుంది.

"ఇదొక్కటి నలుగురిలో పాడీసినానంటే సాలండి. ఇంకేటీ అడగను," అంది. ఇంకేమీ అడగనని భార్య చెప్పడం నా డైరీలలో అదే మొదటిసారి.

పుదుచ్చేరి వచ్చింది. ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా సముద్రంలోనే నిలబడుతుంది. చిన్న మరపడవల్లో మనల్ని ఒడ్డుకి చేర్చి, మళ్ళీ తీసుకెళ్తారు. పడవ దిగేముందు ఓడ అమ్మాయి మైకులో స్పష్టంగా చెప్పింది: ఆఖరి పడవ నాలుగున్నరకి, ఆరింటికి ఓడ కదులుతుంది, ఎవరి కోసమూ ఆగదు. నా చెవులతో నేను విన్నాను. వెంటనే డైరీ తీశాను. అలవాటుపడిన చెయ్యి అరగంట కోసి, "ఆఖరి పడవ 4.00" అని రాసింది. నర్సమ్మ అడిగితే, అలవాటుపడిన నోరు ఇంకో అరగంట కోసి, "మూడున్నర," అంది. మధ్యాహ్నం ఎండకి అసలు టైము నా బుర్రలోంచి ఆవిరైపోయింది. కోసిన ముక్కలే మిగిలాయి.

ఆ రోజు చూడాల్సినవి ఏడని డైరీలో వరసగా రాసుకున్నాను. మూడింటికి ఆరు పూర్తయ్యాయి. ఏడోది పాత లైట్‌హౌసు. ఈలోగా నర్సమ్మ నన్ను చెయ్యి పట్టుకుని బడి ఎగ్గొట్టిన పిల్లాణ్ణి లాక్కొచ్చినట్టు రేవుకి లాక్కొచ్చింది. మూడూ ఇరవై. పడవ సిద్ధంగా ఉంది, లోపల సగం సీట్లు ఖాళీ.

"బేగి ఎక్కండి. మూడున్నర అన్నారు కదా."

"ఇది ఆఖరి పడవ కాదే," అన్నాను.

"ఎలాగ తెలుసేటి?"

"సగం ఖాళీగా ఉంది. నా సర్వీసులో సగం ఖాళీగా వెళ్ళిన ఆఖరి బస్సు ఒక్కటి చూపించు. ఆఖరి ట్రిప్పంటే ఫుట్‌బోర్డు మీద జనం గబ్బిలాల్లా వేలాడాలి. నిచ్చెన మీద ఇద్దరుండాలి. పడవ కింద నలుగురు ఈదుతూ రావాలి."

"మీరు గంట కోసి సెప్తారని నాకు తెలుసు. మూడున్నర అన్నారంటే నాలుగున్నర. అంటే టైమున్నాది. ఉంటే ఉన్నాది, ఎక్కి కూకుందారండి. నాకు సీర మార్సుకోవాల, పాటోపాలి అనుకోవాల."

చూశారా, అసలు టైము ఆవిడే చెప్పేసింది. నేను పట్టించుకున్నానా? డైరీ తీశాను.

"ఇందులో నాలుగని ఉంది."

"కోసి రాసినారా? కొయ్యకుండా రాసినారా?"

పాఠకులారా, నా జీవితంలో నన్నెవరూ అంత కష్టమైన ప్రశ్న అడగలేదు. డైరీలో ఎప్పుడూ నిజమే రాస్తాను, కాబట్టి నాలుగే నిజం కావాలి. కానీ నర్సమ్మకి మూడున్నర అని చెప్పినట్టు గుర్తు. ఆవిడకి గంటకి తక్కువ కొయ్యను. అలా చూస్తే నాలుగున్నర. మరి డైరీలో నాలుగెందుకుంది? నాకు నేనే కోసుకున్నానా? నన్ను నేనే కండక్టరు కింద జమకట్టుకున్నానా? నేనిలా లెక్కలేస్తుండగా పడవ కదిలి వెళ్ళిపోయింది.

"పోనాది," అంది నర్సమ్మ.

"ఇంకోటి వస్తుంది. ఉండు, తవిటికి ఫోన్ చేస్తాను. ఆ ఓడ అమ్మాయినే అడిగి చెప్తాడు."

తవిటినాయుడు మోకాళ్ళ నొప్పితో ఓడలోనే ఉండిపోయాడు. ఫోనెత్తాడు.

"ఒరే, ఆఖరి పడవ ఎన్నింటికో ఆ అమ్మాయిని అడిగి చెప్పరా."

రెండు నిమిషాల తర్వాత జవాబొచ్చింది. "నాలుక్కి, బావా. అప్పని తీసుకుని బేగి వచ్చీ. ఈ పాలి కోతలు కొయ్యకు."

ఫోను పెట్టేసి నవ్వాను. నర్సమ్మ అనుమానంగా చూసింది.

"ఎందుకలగ నవ్వుతన్నారు?"

"మీ తమ్ముడు సాలూరు లారీల మనిషి. ఎనిమిదింటికి సరుకెక్కించాలంటే పార్టీకి ఏడని చెప్తాడు. గంట కోస్తాడు. వాడు నాలుగన్నాడంటే నిజం ఐదు. ఇప్పుడు మూడున్నర. లైట్‌హౌసు చూసి, కాఫీ తాగి, ఐదింటి పడవెక్కి, ఐదుంబావుకి ఓడలో ఉంటాం. ఆరింటికి నీ పాట."

"వాడు నిజమే సెప్తే?"

"మీ వంశంలో టైము నిజం చెప్పినవాడున్నాడా?"

ఈ మాటకి ఆవిడ నా వైపు చూసిన చూపుని డైరీలో రాయలేదు. రాసినా కాగితం కాలిపోయేది. కానీ కాఫీ అన్నాను కాబట్టీ, ఎండలో నిలబడలేకా నాతో వచ్చింది. దారి పొడుగునా పెదాలు కదుపుతూ పాట మననం చేసుకుంటూనే ఉంది. లైట్‌హౌసు తలుపుకి తాళం. చుట్టూ ఒకసారి తిరిగి, "7. లైట్‌హౌసు, బయట నుంచి, ఆరు నిమిషాలు" అని రాసుకున్నాను. కాఫీ బాగుంది. అది కూడా రాశాను.

నాలుగూ నలభైకి రేవు చేరాం. పడవ లేదు. జనం లేరు. ఒకాయన తాడు చుట్టుకుంటున్నాడు. మా మెళ్ళో ఓడవాళ్ళ కార్డులు చూసి, తాడు వదిలేసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆయనకి తెలుగు రాదు, మాకు తమిళం రాదు. ఆ భంగిమకి భాష అక్కర్లేదు. ఎదురుగా సముద్రంలో ఓడ, పెళ్ళివారిల్లులా తళతళలాడుతోంది.

ఫోను మోగింది. తవిటినాయుడు.

"బావా! ఎక్కడ సచ్చినావు? మీ పేర్లు మైకులో మూడుపాల్లు పిలిసినారు!"

"ఆఖరి పడవ ఐదింటికి కదురా?"

"ఐదేటి? నాలుగున్నర అని సెప్పినాది ఆ పిల్ల!"

"నువ్వు నాలుగన్నావు!"

"నువ్వు కోతల మనిషివి కదా అని, ముందుగా వస్తావని, అరగంట తగ్గించి సెప్పినాను!"

"నువ్వు గంట కోస్తావు కదరా!"

"లారీలకి గంట, బావా! సుట్టాలకి అరగంటే!"

నాకు ఆ రేటు తేడా ముందే తెలిసుంటే బాగుండేది. చేపల పడవేదైనా మాట్లాడదామని చూశాను. ఓడ దగ్గరికి బయటి పడవల్ని రానివ్వరని తాళ్ళాయన చేతులూపి చెప్పాడు. నర్సమ్మ వెళ్ళి ఒడ్డున సిమెంటు బల్ల మీద కూర్చుని ఓడ వైపు చూస్తూ ఉండిపోయింది. తిట్టి ఉంటే నాకు ప్రాణం హాయిగా ఉండేది.

"బస్సులో చెన్నై వెళ్ళిపోదాం. పొద్దున్నే ఓడ అక్కడికే వస్తుంది," అన్నాను.

"ఓడ వస్తాది. ఆరింటి పాట వస్తాదేటి?"

వెళ్ళి ఆవిడ పక్కనే నిలబడ్డాను, నేరస్థుడు పోలీసు పక్కన నిలబడ్డట్టు. ఐదున్నర దాటింది. ఆవిడ ఒక్కసారిగా నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఒరే తవిటీ, నానే. మోకాళ్ళు ఎలాగున్నాయి?"

"అలగే ఉన్నాయప్పా."

"ఎలాగున్నా సరే, లే. మేడ మీదికెల్లు. నా పేరు పిలిసినప్పుడు నువ్వెల్లి మైకు కాడ ఈ ఫోను ఎట్టు. నానిక్కడి నుంచి పాడతాను."

"అప్పా, ఇంతమందిలో నానా? నాకు సిగ్గేస్తాది!"

"నీకెందుకురా సిగ్గు? పాడేది నాను. నువ్వు గోడకి కొట్టిన మేకువి. ఫోను తగిలించుకుని నిలబడు."

ఆరూ పది. మైకులో పేరు పిలవడం ఫోనులో వినబడింది. నర్సమ్మ కొంగు సర్దుకుని, ఆ పుదుచ్చేరి ఒడ్డున, సముద్రానికి ఎదురుగా నిలబడి గొంతెత్తింది. మొదటి చరణం కొంచెం వణికింది. రెండో చరణానికి మరమరాలమ్మేవాడు బండి ఆపాడు. నడకకి వచ్చిన ముసలాయన ఒకరు కర్ర ఆనించి నిలబడ్డాడు. నలుగురు పాతికమందయ్యారు. భాష ఎవరికీ తెలియదు, కానీ నాట్లకి వంగిన నడుముల ఊపు ఆ పాటలో ఉంది, వాళ్ళ తలలు దానికి ఊగాయి. నేను ఆవిడ నోటి దగ్గర ఫోను పట్టుకుని, ఇంకో మేకులా నిలబడ్డాను. నలభై నాలుగేళ్ళు గిన్నెల చప్పుడు తోడుగా విన్న పాటని మొదటిసారి ఉత్త పాటగా విన్నాను.

ఆఖరి చరణంలో ఓడ, చెప్పిన టైముకి పావుగంట ఆలస్యంగా, కూత వేసి కదిలింది. పాట అయ్యేసరికి ఒడ్డున చప్పట్లు, ఫోనులో చప్పట్లు. ఏవి ఎక్కడివో తెలియలేదు. తర్వాత ఫోనులో గరగర, ఆ తర్వాత ఏమీ లేదు. పాట ఓడకి అందింది. మేమే అందలేదు.

బస్సెక్కాం. చెన్నై లాడ్జిలో పడుకుని, పొద్దున్న ఆరింటికల్లా ఓడరేవు గేటు దగ్గర ఉన్నాం. ఓడ ఇంకా రాలేదు. దిగాల్సిన ఓడ కంటే ముందే రేవు చేరిన ప్రయాణికులం మేమే అయ్యుంటాం. దీన్ని సమయపాలన అంటారో ఇంకేమంటారో మీరే తేల్చండి.

ఎనిమిదిన్నరకి తవిటినాయుడు మా సామాన్ల మధ్య కుంటుకుంటూ గేటు బయటికొచ్చాడు. భుజాల మీద జరీ శాలువా.

"ఇదేటిరా?" అంది నర్సమ్మ.

"పాటకి మొదటి బహుమతి, అప్పా. మైకు కాడ నానున్నాను కదా, నాకే కప్పినారు. ఫొటో కూడా తీసినారు."

నర్సమ్మ ఆ శాలువా ఊడదీసి తన భుజాన వేసుకున్న వేగం చూస్తే, నిన్న పడవ తప్పింది ఈ మనిషేనా అనిపించింది.

అక్కడే, గేటు దగ్గర, రెండు గడియారాలూ అరచేతిలో పెట్టుకుని గంభీరంగా ప్రమాణం చేశాను: "రేపు పొద్దున్న నుంచి, నా కంఠంలో ప్రాణముండగా, ఎవరికీ ఏ టైమూ ఒక్క నిమిషం కూడా కోసి చెప్పను. బస్సుకైనా, ఓడకైనా, పెళ్ళికైనా సరే."

నర్సమ్మ శాలువా సర్దుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"రేపటి నుంచేనా? లేకపోతే ఎల్లుండిని కోసి రేపంటన్నారా?"