హోటలు గోడకి రానన్న బొమ్మ

వాల్తేరులో సముద్రం ఒడ్డున కుంపిణీ కాలం నాటి హోటలొకటి ఉంది. అతిథులు తగ్గిన నెలల్లో దాని యజమాని చిత్రకారులకూ, రచయితలకూ నెల్లాళ్లు గదీ, భోజనమూ ఉచితంగా ఇస్తాడు. నేను విజయనగరంలో చదువుకుంటున్నాను. కడలి, మున్నీరు, పారావారం అని సముద్రానికున్న మాటలన్నీ పోగుచేసుకుని, ఆ కిటికీ దగ్గర కూర్చుని రాయాలని ఆశపడ్డాను. గది ఇస్తానన్నాడు గాని ఒక షరతు పెట్టాడు. కొండల్లోంచి ఒక సవర చిత్రకారుణ్ణి తీసుకురావాలి, అతను భోజనాల హాలు గోడమీద బొమ్మ వెయ్యాలి. అందుకని బయలుదేరాను.

పొద్దున్న రైలుకి పార్వతీపురంలో దిగి, గుమ్మలక్ష్మీపురం వైపు ఎడ్లబండి మాట్లాడుకున్నాను. సంతరోజైతే రూపాయికి వస్తారు, తక్కిన రోజుల్లో రెండడుగుతారు. దారంతా గతుకులే. ఎత్తు వచ్చినప్పుడల్లా బండి తోలే సింహాచలం నన్ను దింపేసేవాడు.

"ఏటి బాబూ, అలా నిలబడిపోనావు? బేగి నడు."

"డబ్బిచ్చింది ఎక్కడానికి కదా!"

"ఎక్కినావు కదా, పార్వతీపురంలో!"

సాయంత్రానికి సవర గూడెం చేరేసరికి నాకు నిలబడే ఓపిక లేదు. ఆ గూడెంలో బొమ్మలు వేసే లక్కయ్య తాత ఇంటి ఎర్రమట్టి గోడమీద బియ్యప్పిండితో వేసిన తెల్లటి మనుషులు, గొడుగులు, జింకలు, ఓ మూల రైలు. నేను వచ్చిన పని చెబితే సింహాచలం సవర భాషలో వినిపించాడు. తాత ఒక్కటే అడిగాడు.

"ఆ హోటల్లో ఎవలు సచ్చిపోనారంటన్నాడు," అన్నాడు సింహాచలం.

"ఎవరూ పోలేదు. అందం కోసం."

"ఈ బొమ్మ సచ్చిపోయినోళ్లకి ఇల్లు బాబూ. ఎవలూ లేకపోతే ఎవలికి కడతాడు?"

పాత హోటలు కదా, అక్కడ పోయాడని ఒక దొర పేరు చెప్పేస్తే సరిపోతుంది, గది నాదవుతుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో తాత నన్నే చూస్తూ వచ్చీరాని తెలుగులో, "మీ ఇంట్లో?" అన్నాడు.

"అక్క. పోయినేడు జ్వరంతో."

"ఏటి ఇష్టం?"

"రైలు. రోజూ వీధి చివర నిలబడి చూసేది."

"ఎక్కిందా?"

"లేదు."

"ఎక్కిద్దాం," అన్నాడు. మా ఇంటి గోడకైతే వస్తానన్నాడు, హోటలుకి మాత్రం రానన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఒళ్లంతా పచ్చిపుండు. వాల్తేరు వెళ్లి జరిగింది చెప్పాను. ఆ గది ఇంకెవరికో ఇచ్చారు. బాధగానే ఉంది, లేదనను. కాని సముద్రానికి అన్ని మాటలు వెతికినవాణ్ణి, అక్క గురించి ఇంతవరకూ ఒక్క వాక్యం రాయలేదని గూడెం నుంచి తిరిగొచ్చే బండిలోనే తోచింది.

మీలో ఎవరైనా తాతను పిలవదలిస్తే ఒక మాట. సున్నం కొట్టిన గోడ పనికిరాదు. ఎర్రమట్టితో అలికి, బాగా ఆరనిచ్చి, అప్పుడు కబురు పెట్టండి. మా వసారా గోడ నిన్న అమ్మ అలికింది. ఇంకా తడిగానే ఉంది.