సారలమ్మ రాయించిన నాలుగో పేరు

నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ప్యాకింగ్ పని చేసిన సారలమ్మకు దయాకర్ ఒక్కడే కొడుకు. అతను భర్త పోయిన అమృతను పెళ్లి చేసుకున్నప్పుడు, ఆమె వెంట మూడేళ్ల హరిణి కూడా ఆ ఇంటికి వచ్చింది. ఇప్పుడు హరిణికి పదేళ్లు. ఆపరేషనైన సారలమ్మ కంట్లో పూటపూటా చుక్కలు వేసేది ఆ పిల్లే.

వేసవి సెలవుల్లో ఒక పొద్దున, కొడుకూ కోడలూ ఉప్పల్‌కు పనికి వెళ్లాక, ఇంటింటి సర్వే రాసుకునే టీచరమ్మ వచ్చి ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగింది.

"ముగ్గురం," అంది సారలమ్మ.

"మరి ఈ పాప?"

"కోడలెంబడి వచ్చిన పిల్ల."

మంచినీళ్లు తెచ్చిన హరిణి గ్లాసు టీచరమ్మ చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం హరిణి ఎప్పటిలాగే చుక్కల మందుతో వచ్చి నానమ్మ కంటి రెప్పను మెల్లగా ఎత్తి పట్టుకుంది. సారలమ్మ ప్రాణం చివుక్కుమంది. వెంటనే చెప్పులేసుకుని, రెండు గల్లీలు తిరిగి టీచరమ్మను పట్టుకుంది.

"తప్పు జెప్పిన మేడం. మేం నలుగురం. హరిణి నా మనుమరాలు, జర రాసుకోండి."

ఇంటికొచ్చి పిల్లకు ఆ సంగతి చెప్పింది.

"మంచిగైంది నానమ్మా," అంది హరిణి. "పొద్దుగాల అన్న మాట మాత్రం అమ్మకు జెప్పకు. ఏడుస్తది."

సారలమ్మ సరేనంది. ఈ ఏడేళ్లలో తను అన్న ఇలాంటి మాటలు ఇంకెన్నింటిని ఆ పిల్ల వాళ్లమ్మకు చెప్పకుండా దాచుకుందో అడిగే ధైర్యం మాత్రం ఆమెకు లేకపోయింది.