మరీ మెత్తగా కుట్టిన సీటు

మా బాబాయిని వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. సీట్లాయన అంటారు. కార్ల సీట్లు కుట్టడం ఆయన పని. పొడుగాటి వీధికి సరిగ్గా నడుమ కింద షాపు, షాపు వెనక రెండు గదుల్లో ఆయనా పిన్నీ. పై వాటాలో మా ఆయన, నేను, మా పాప. కింద మిషను ఆడుతుంటే మా వంటింట్లో గిన్నెలు సన్నగా మోగేవి. ఆ మోతకి అలవాటుపడి, ఆగిన రోజున ఏదో వెలితిగా ఉండేది.

బాబాయి టేపు పట్టడు. కారు షాపు ముందు ఆపించి, పాత తొడుగు ఊడదీసి, ఉత్త స్పాంజి మీద ఆ కారు నడిపే మనిషినే కూర్చోబెడతాడు. "ఫొటోకి కూర్చున్నట్టు కాదయ్యా. ఆఫీసులో చివాట్లు తిని ఇంటికెళ్ళేటప్పుడు ఎలా కూర్చుంటావో అలా కూర్చో" అంటాడు. నడుము వాలినచోట, తొడ నొక్కినచోట సుద్దముక్కతో గీస్తాడు. ఆ గీతల్నిబట్టి ఒకచోట గట్టి స్పాంజి, ఒకచోట మెత్తది అతికించి పైన తొడుగు కుడతాడు. నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఊరి ఆ చివర్నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు.

పనితోపాటు ఆయనకో జబ్బు కూడా ఉంది. వంకర కుట్టు ఓర్చుకోలేడు. బస్సులో ముందు సీటు చిరిగి ఉంటే దిగేదాకా దాన్ని చూస్తూ గొణుక్కుంటాడు. "ఈయనతో సినిమాకి వెళ్ళకూడదే, తెర చూడడు, కుర్చీలు చూస్తాడు" అనేది పిన్ని.

పిన్ని నోరు మంచిది కాదు. నాకు ఆవిడంటే ఇష్టం అందుకే. బాత్‌రూములో జారిపడి వెన్నుకి ఆపరేషనయ్యాక కాళ్ళు సగం పట్టుతప్పాయి గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. రోజూ ఆసుపత్రికి తీసుకెళ్ళి కసరత్తు చేయించాలి. "మానేస్తే మాత్రం ఆ కాళ్ళు ఇక మనవి కావు" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన చక్రాల కుర్చీలో కూర్చోబెడితే పిన్ని మొహం తెల్లగా పాలిపోయింది. అప్పుడు బాబాయి తన పాత కారు ముందు సీటు విప్పి, పిన్నిని స్పాంజి మీద కూర్చోబెట్టి, ఎక్కడ నొప్పో అడుగుతూ, గీస్తూ, కోస్తూ మళ్ళీ కుట్టాడు. ఊరు మొత్తంమీద ఆవిడ నొప్పి లేకుండా కూర్చోగలిగిన చోటు అదొక్కటే. అద్దం ఎత్తి పెట్టుకుని, వీధిలో ఒక్కొక్కర్నీ చూసి వాళ్ళ నడకల్నీ చీరల్నీ ఏకిపెడుతూ మహారాణిలా ఆసుపత్రికి వెళ్ళొచ్చేది.

అలా ఉండగా మా వీధిలోకి కార్లు రాకూడదన్నారు.

ఎక్కడో ఊపిరి నగరాల సంఘమని ఒకటుందట. దేశదేశాల మేయర్లు అందులో సభ్యులు. మా మేయరుగారు విమానమెక్కి వెళ్ళి వాళ్ళ మహాసభలో సంతకం పెట్టి, మెళ్ళో పచ్చ కండువా వేయించుకుని వచ్చారు. ఆ సంతకంలో మా వీధి కూడా ఉందని మాకు పేపరు చూస్తే తెలిసింది.

అబద్ధం ఎందుకాడాలి, కార్లు ఆగితే నాకు మేలే. మా పాపకి ఆయాసం. ఆ పొగలో పిల్ల దగ్గుతుంటే నా ప్రాణం విలవిల్లాడేది. నా కోపం కార్లు ఆపినందుకు కాదు. మా వీధిలో ఎవరున్నారో, ఎవరి కాళ్ళు ఎలా ఉన్నాయో అడక్కుండా ఎక్కడో కూర్చుని తేల్చినందుకు. నిబంధనల కాగితంలో "ఏ ఇల్లూ ట్రాము స్టాపుకి దూరంగా లేదు కనుక" అని రాసి ఉంది. మా ఊళ్ళో ట్రాము లేదు. మా తాతల కాలంలో కూడా లేదు. మేం గోల చేస్తే, మర్నాడు కొత్త కాగితంలో ట్రాము తీసేసి "రవాణా సౌకర్యం" అని పెట్టారు. మిగతాదాంట్లో అక్షరం మార్చలేదు.

వీధి వాళ్ళంతా ఒక్కటయ్యారు. మీటింగులు బాబాయి షాపులోనే, ఎందుకంటే కూర్చోడానికి పాత కారు సీట్లు బోలెడున్నాయి. అందరూ వాటిలో వెనక్కి వాలి సుఖంగా ఆవేశపడేవారు. షాపు ఆయనది కాబట్టి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. జన్మలో మైకు పట్టని మనిషిని తీసుకెళ్ళి మునిసిపల్ హాల్లో నిలబెట్టాం.

"మా ఆవిడకి కారు గుమ్మందాకా రావాలండి" అన్నాడు బాబాయి. నేను రాసిచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది.

ప్రాజెక్టు ఆఫీసరు చాలా మర్యాదస్థుడు. "మీ బాధ అర్థమైందండీ. కానీ సంఘం నిబంధన ప్రకారం సొంత కార్లకి మినహాయింపు లేదు. నిబంధనలో లేకుండా ఒక్కటి తప్పిస్తే మాకిచ్చిన రేటింగు మొత్తం పోతుంది."

"రేటింగు ఎవరిస్తారు?" అని నేను లేచాను.

"సంఘం వాళ్ళమ్మా."

"మరి ఇక్కడ మమ్మల్నెందుకు పిలిచారు?"

"మీ అభిప్రాయం తీసుకోవాలని కూడా నిబంధనలో ఉందమ్మా" అన్నాడాయన. వెటకారమేమీ లేదు. నిజంగానే అన్నాడు.

చివరికి ఆ నిబంధనల్లోనే ఒక్క వెసులుబాటు దొరికింది. ఇంట్లో రోగి ఉండి, తీసుకెళ్ళడానికి వేరే మార్గం లేదని తనిఖీలో తేలితే ప్రత్యేక పర్మిట్ ఇస్తారట. నేను దరఖాస్తు పెట్టాను.

ఈలోగా వీధి మొదట ఇనపస్తంభాలు పాతేశారు. తారు తవ్వేసి, సంఘం వాళ్ళ పుస్తకంలో బొమ్మ చూసి గుండ్రాళ్ళు పరిచారు. చూడ్డానికి బాగానే ఉంటాయి. బాబాయి కారు స్తంభాల అవతల, ముందు సీటు లేకుండా నిలబడిపోయింది. ఆ సీటుని ఆయన విప్పి తెచ్చి, సైకిలు చక్రాలమీద చెక్క బిగించి, దాని మీద తాళ్ళతో కట్టాడు. మధ్యలో దించి కారెక్కిస్తే వెన్ను తట్టుకోదని, అందులోనే పిన్నిని కూర్చోబెట్టి ఆసుపత్రిదాకా తోసుకెళ్ళేవాడు. ఒక్కో గుండ్రాయికీ పిన్ని పెదవి కొరుక్కునేది. నొప్పి ఒకెత్తు, నలుగురూ చూడటం ఒకెత్తు. ఇన్నాళ్ళూ అద్దం వెనక కూర్చుని వీధినంతా ఆడిపోసుకున్న మనిషి, ఇప్పుడు తలవంచుకుని కొంగు మొహం మీదికి లాక్కునేది.

తనిఖీకి మనిషి వస్తున్నాడని కబురొచ్చింది. నేను బాబాయికి గట్టిగా చెప్పాను. "బండిని ముట్టుకోకు. ఆ తాళ్ళు, ఆ చెక్క, అంతా ఇలాగే చూడనీ. నీకు పుణ్యముంటుంది."

"సరేనమ్మా" అన్నాడు.

నేను పాపని తీసుకుని రెండ్రోజులు మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి షాపు ముందు రథంలాంటిది నిలబడి ఉంది. చెక్క కింద స్ప్రింగులు. సీటుకి వంకాయరంగు తొడుగు, అంచుల వెంట తెల్ల పైపింగు. చేతులు ఆనించుకోడానికి దిండ్లు, ఎండకి పైన గుడ్డ గొడుగు. ఎక్కడా ఒక దారప్పోగు బయటికి లేదు.

"ఏం పని చేశావు బాబాయ్" అన్నాను.

"ఎవరో పెద్దమనిషి మనింటికి వస్తున్నాడు కదమ్మా. ఆ తాళ్ళు చూస్తే నా పనితనం గురించి ఏమనుకుంటాడు?"

"నీ పనితనం చూడ్డానికి కాదు బాబాయ్ వచ్చేది."

ఆయన తల గోక్కున్నాడు. అర్థమైంది, కానీ అప్పటికే తనిఖీవాడు గుమ్మంలో ఉన్నాడు. అతను బండి చుట్టూ తిరిగాడు. తొడుగు నిమిరాడు. చివరికి ఎక్కి కూర్చుని, కాస్త ఊగి, "అబ్బ, మా కారు సీటుకంటే హాయిగా ఉందండీ" అన్నాడు. ఆ ఒక్క మాటకి బాబాయి మొహం విచ్చుకుంది. ఏ స్పాంజి ఎక్కడ వేశాడో వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. లోపలి గదిలోంచి పిన్ని, "రాళ్ళమీద ప్రాణం పోతోంది బాబూ" అని అరిచింది. అతను తలూపి ఏదో రాసుకున్నాడు.

జవాబు వచ్చింది. సంతృప్తికరమైన ప్రత్యామ్నాయం ఉన్నందున దరఖాస్తు తిరస్కరించారు.

ఆ తర్వాత సంఘం తరఫున పరాయి దేశాల అతిథులు మా వీధి చూడ్డానికి వచ్చారు. మెడలో కెమెరాలు, కాళ్ళకి తెల్లబూట్లు. సరిగ్గా ఆ సమయానికే బాబాయి పిన్నిని తోసుకుంటూ వస్తున్నాడు. వాళ్ళు ఆగి, దారిచ్చి, చప్పట్లు కొట్టారు. టకటకా ఫొటోలు తీసుకున్నారు. అడగడం గిడగడం ఏమీ లేదు.

కొన్నాళ్ళకి వీధి మొదట, స్తంభాల పక్కనే పెద్ద బోర్డు వెలిసింది. దాని నిండా పిన్నీ బాబాయీ. చక్రం రాయి మీద ఎగిరిన క్షణంలో తీసినట్టున్నారు. నొప్పికి పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుని పళ్ళు బిగించింది. అంత పెద్దగా చూస్తే ఆవిడ పరమానందంగా నవ్వుతున్నట్టుంది. కింద "మా వీధి ఊపిరి పీల్చుకుంటోంది" అని రాశారు.

వీధి వాళ్ళు రకరకాలుగా అనుకున్నారు. సీట్లాయన లోపాయికారీగా వాళ్ళతో కలిసిపోయాడని ఒకరు, లేకపోతే అంత సోకైన బండి ఎందుకు చేస్తాడని ఇంకొకరు. మీటింగులు ఆగిపోయాయి. షాపులో పాత సీట్లు దుమ్ముపట్టాయి. కార్లు రాని వీధిలో సీట్లు కుట్టించుకునే వాళ్ళు కూడా లేరు. మిషను మూగపోయింది. ఆయన తరఫున నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. కొందరు విన్నారు, కొందరు "బోర్డు మీద నవ్వుతోంది కదమ్మా మీ పిన్ని" అన్నారు.

బోర్డు పెట్టిన రోజు ఉదయం నేను కూడా పిన్నీ బాబాయిలతోనే నడుస్తున్నాను. పిన్ని కొంగు తీసి పైకి చూసింది. చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. మేయర్నీ, ఆ సంఘాన్నీ, బాబాయినీ కలిపి ఉతికి ఆరేస్తుందనుకున్నాను. "వెనక్కి తిప్పు" అంది, అంతే.

మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. బాబాయి బతిమాలాడు, నేను కేకలేశాను, డాక్టరమ్మ ఫోనులో కోప్పడింది. కసరత్తు చేయించే అమ్మాయి కొన్నాళ్ళు ఇంటికొచ్చి, దూరమని మానేసింది. మెల్లగా పిన్ని మోకాళ్ళు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోయాయి. బాబాయిని ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ ఇంట్లో తిట్లు వినపడకపోవడం నాకు భరించలేనంత దిగులుగా ఉంది.

బాబాయి ఇంకోసారి పర్మిట్ అడగడానికి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆ ప్రాజెక్టు ఆఫీసరు లేచి నిలబడి కుర్చీ వేశాడు.

"మీకే కబురు చేద్దామనుకుంటున్నామండి. మిగతా వీధుల్లోనూ కార్లు ఆపుతున్నాం. అక్కడి పెద్దవాళ్ళకి ఇలాంటి బండ్లు కావాలి. సంఘం వాళ్ళు కూడా మీ నమూనానే అడిగారు. చేసిపెడతారా?"

"మా ఆవిడ దరఖాస్తు" అన్నాడు బాబాయి.

"ఆవిడకి బండి ఉంది కదండీ" అన్నాడాయన, మళ్ళీ అంతే మర్యాదగా.

బాబాయి నా వంక చూశాడు. వద్దని నేను అనలేకపోయాను. ఆ షాపులో అప్పటికి చాలాకాలంగా దారం ఎక్కించింది లేదు. పైగా కుట్టుపని దొరికితే మనిషి కాస్త తేరుకుంటాడని ఆశపడ్డాను. ఆయన సరేనన్నాడు.

ఇప్పుడు మా వంటింట్లో గిన్నెలు మళ్ళీ మోగుతున్నాయి. పాప దగ్గడం మానేసి గుండ్రాళ్ళ మీద గెంతుతోంది. షాపు ముందు ముసలివాళ్ళు వరసగా కూర్చుంటున్నారు. నిన్న మధ్యాహ్నం పిన్ని కాళ్ళకి నూనె రాద్దామని కిందికి వెళ్ళాను. నూనె రాస్తున్నా ఆవిడకి తెలియడం లేదు. షాపుకీ గదికీ మధ్య తలుపు తెరిచి ఉంది. ఎవరో పెద్దావిడ స్పాంజి మీద కూర్చుంటే బాబాయి ఓపికగా అడుగుతున్నాడు. "మొహమాటపడకండమ్మా. నొప్పి సరిగ్గా ఎక్కడో చెప్పండి, అక్కడ గీస్తాను."

"నన్నూ అలాగే అడిగాడు" అంది పిన్ని కళ్ళు మూసుకునే. "బాగా చేస్తాడు."

నేను నూనె రాస్తూనే ఉన్నాను. ఆవిడ కాసేపు వింది.

"ఆ తలుపు వేసెయ్యవే" అంది.

లేచి వేశాను.