వెనక్కి ముప్పై అడుగులు

మా బాపు మొండయ్య గోదావరిఖనిలో పద్దెనిమిదేళ్లు బొగ్గుబాయి దిగాడు. పైకప్పు కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. 1983లో మోకాలు దెబ్బతింది. కప్పు కూలితే ఇక ఉరకలేడు. పైన సర్వే హెల్పర్ ఖాళీ ఒక్కటే ఉంది, దానికో పరీక్ష. తప్పితే మళ్లీ బాయిలోకే.

నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. నెల రోజులు నేనే పంతులమ్మను. వాకిట్లో ముగ్గుతో గుండ్రంగా గీసి, ఉత్తరం సున్నా, తూర్పు తొంభై అంటూ డిగ్రీలు నేర్పాను. ఆయన తలాడించినప్పుడల్లా నాకు అనుమానమే.

పరీక్ష రోజు సద్ది తీసుకుని వెళ్లి కంచె ఇవతల నిలబడ్డాను. సర్వే ఆఫీసర్ కిషన్‌రావు మైదానం మధ్యలో మేకు కొట్టించి, "రెండొందల నలభై డిగ్రీలు, ముప్పై అడుగులు. గుర్తు పెట్టు" అన్నాడు. బాపు మేకు దగ్గర దిక్కులు కొలిచే యంత్రాన్ని అరవైకి తిప్పాడు. ఆ దిక్కే చూస్తూ, టేపు పట్టుకుని వెనక్కి నడిచి గుర్తు పెట్టాడు! నాకు ఒళ్లు మండిపోయింది. నా చదువంతా బూడిదలో పోసిన పన్నీరు.

కిషన్‌రావు కాగితం మీద గీత కొట్టబోతూ ఆగాడు. "ఎనుకకు నడిచినవేంది మొండయ్యా?"

"అలవాటు సార్. బాయిల ఎనుకకు మళ్లేటప్పుడు కప్పు దిక్కు మొఖం పెట్టే నడుస్తం. ఈపు సూపినోడు ఇంటికి రాడు. రెండొందల నలభైకి అరవై సరిగ్గ ఎదురు దిక్కు. అరవై దిక్కు సూసిన, ముప్పై అడుగులు ఎనుకకు నడిచిన. జాగ గదే, కొలుసుకోండ్రి."

కిషన్‌రావు స్వయంగా యంత్రాన్ని రెండొందల నలభైకి తిప్పి, టేపు లాక్కుంటూ నడిచాడు. ముప్పై అడుగుల దగ్గర ఆగి చూస్తే, బాపు పెట్టిన గుర్తు బూటు కిందే ఉంది.

"గీ జాగనే ఇంకెట్ల చెప్తవ్?" అని అడిగాడు కిషన్‌రావు.

"ఒక సుట్టు, మూడొందల అరవై, ఎక్కువ తిరిగి ఆరువందలంట సార్. ఎన్ని సుట్లు తిరిగినా జాగ గదే. నా బిడ్డ చెప్పింది."

అది నేను చెప్పింది ఒక్కసారే. బాపు ఆవులిస్తున్నాడని తిట్టాను కూడా. కంచె పట్టుకుని ఏడ్చేశాను.

పాసైన కాగితంతో ఇంటికి వచ్చాం. నన్ను కన్న అవ్వ శంకరవ్వ గడపలోనే అడ్డం నిలబడింది.

"ఇగ బాయి దిగుడు లేదు గదా?"

"లేదే."

"నిజంగ?"

"నిజంగనే. ఇగ పొద్దుగూకేదాక ఎండల నిలబడుడే."

"ఎండ మంచిదే" అంది అవ్వ, ఏడుస్తూనే.