పన్నెండో ఫొటోకీ చట్రానికీ పడలేదు

మా స్కానర్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ చట్రాన్ని తయారుచేసిన మహానుభావుడికి జన్మలో ఒక్కసారైనా చెమట పట్టి ఉండదు. పట్టి ఉంటే, నడివేసవిలో పటమటలో ఫ్యాను ఆపుకుని, నాలుగు వేళ్ళ వెడల్పున్న పాతకాలపు ఫిల్మును వేలిముద్ర పడకుండా అందులో ఇరికించమని ఏ మనిషినీ అడగడు. ఫ్యాను వేస్తే ఫిల్ము మీద దుమ్ము. ఆపితే నా ఒంటి మీద మూడు కాలువలు, రెండు లాకులు.

ఆ ఫిల్ము కంకిపాడు నుంచి మా అక్క తెచ్చింది. చల్లపల్లిలో మా చిన్నప్పటి ఫొటో స్టూడియో మూసేస్తూ, పెద్దాయన ఎవరి నెగటివ్‌లు వాళ్ళకి ఇచ్చేశాడట. మాకు దక్కింది మూడు ఫొటోల ముక్క. మొదటి రెండింట్లో అమ్మ, తప్పు ఒప్పుకోమంటే ఒప్పుకోనని నిలబడ్డ మనిషిలా ఉంటుంది. స్టూడియోలో నవ్వకూడదని అప్పటి శాసనం. మూడోది రీలులో ఆఖరుది, పన్నెండోది. "అయిపోయిందమ్మా, ఇక దిగండి" అన్నాక, రీలు ఖాళీ చేసి కడిగేయాలి గనక ఆయన ఊరికే నొక్కేశాడు. అది ఎవరూ ప్రింటు వేయించుకోలేదు. అందులో అమ్మ నవ్విందని అక్క వాదన. నేను నమ్మలేదు. నెగటివ్‌లో నల్ల మొహం, తెల్ల జుట్టు. నవ్వో దగ్గో ఎవరికి తెలుసు?

"గోడ మీదున్న అమ్మ ఫొటో చూసి మా మనవరాలు ఆ గదిలో పడుకోనంటోందిరా. తాతమ్మ తిడుతోందంట! నవ్వేది ఒక్కటుంటే చాలు నాకు" అంది అక్క.

సరేనని కూర్చున్నాను. ఏళ్ళ తరబడి చుట్టుకుపోయిన ఫిల్ము. ఎడమ అంచు గాడిలో కూర్చోగానే కుడి అంచు లేచింది. కుడిదాన్ని బతిమాలి కూర్చోబెడితే, ఎడమది పెళ్ళిలో అలిగిన బావగారిలా లేచిపోయింది. మూత వేయబోతే మొత్తం ఎగిరొచ్చి నా బనీనుకి అతుక్కుంది. ఇలా ఓ నాలుగు వందలసార్లు. నలభై అని మా ఆవిడ అంటుంది గానీ, ఆవిడ వంటింట్లోంచి లెక్కపెట్టింది.

"ఏమండీ, ఇస్త్రీ చేస్తే పోలా?" అంది అక్కణ్ణుంచే.



"ఇస్త్రీ ఏంటమ్మా, కాలిపోదూ! బియ్యం బస్తా కింద పెడదాం" అంది అక్క.

పాత క్యాలెండరు కాయితాల మధ్య పెట్టి, పైన పాతిక కిలోల బస్తా ఎత్తి, భోజనాలు కానిచ్చాం. తీసి చూస్తే చుట్ట పోయింది. దాని బదులు ఫిల్ము నిలువునా దొన్నెలా ముడుచుకుంది.

ఎలాగో చట్రంలోకి దూరింది. హమ్మయ్య అనుకునేలోపు చూస్తే, చట్రం అడ్డపట్టీ సరిగ్గా అమ్మ మొహం మీద కూర్చుంది. ఆవిడ స్టూలు దిగుతూ ఫొటో అంచుకి జరిగింది. పెద్దాయన ఆ అంచున, పట్టీ పట్టుకోవడానికి వెంట్రుకంత ఖాళీ కూడా వదలకుండా కత్తిరించాడు. ఇంత ఫిల్ములో ఆ పట్టీకి దొరికిన చోటు అమ్మ మొహమేనా!

"పారెయ్ రా ఆ దరిద్రాన్ని" అని అక్క చట్రం లాగేసి, ఫిల్ముని తిన్నగా స్కానరు అద్దం మీద పెట్టి, కొసని బొటనవేలితో నొక్కింది.

"చెయ్యి తియ్యక్కా, మూత వెయ్యాలి."

"తీస్తే మళ్ళీ లేస్తుంది. నా చేతిమీదే వేసి మీట నొక్కు. నీకు చదువెక్కువై తెలివి తగ్గింది."

స్కానరు పిండి గ్రైండరులా మూలిగింది. కంప్యూటరులో బొమ్మ పైనుంచి మెల్లగా దిగింది. నవ్వుతోంది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, అది అందేలోపే దొరికిపోయింది. పైవరసలో ఒక పన్ను మీద ఇంకో పన్ను, అచ్చం అక్కకి ఉన్నట్టే. ఆవిడ భుజం పక్కన సొరకాయంత తెల్లటి వేలు.

"నీ వేలు పడిందక్కా. మళ్ళీ తీద్దాం" అన్నాను, చట్రం కోసం వెతుకుతూ.

అక్క కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. "ఆ చట్రం జోలికెళ్ళావో! అది నా వేలని పిల్లకి చెప్తాలే."

పెద్ద ప్రింటు వేసిన కుర్రవాడు వేలు తీసేస్తానన్నాడు. అక్క ఒప్పుకోలేదు.